మొదటి గేమింగ్ పీసీ: ఎక్కడ తగ్గొచ్చు, ఎక్కడ తగ్గకూడదు

2025 వేసవిలో మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో ఒక షాపువాళ్లు తెల్లకాగితం మీద రాసిచ్చిన కొటేషన్. "అన్నా, రేపే వెళ్లి తెచ్చుకుందామనుకుంటున్నా, ఒకసారి చూడవా" అన్నాడు. వాడప్పుడు బీటెక్ రెండో ఏడాదికి వస్తున్నాడు. బాబాయ్ అరవై వేలు ఇస్తానన్నాడు, మానిటర్ కాకుండా.

కాగితం మీద మొత్తం ఎనిమిది లైన్లు. గ్రాఫిక్స్ కార్డ్ (తెర మీద బొమ్మను తయారుచేసే పార్టు) దగ్గర "ఆర్‌టీఎక్స్ 3050" అని ఉంది, ఎన్ని జీబీదో లేదు. "ర్యామ్ 16 జీబీ" అని ఉంది, ఒక స్టిక్కా రెండా లేదు. "ఎస్‌ఎంపీఎస్ 450 వాట్స్" అని ఉంది (పార్టులన్నిటికీ కరెంటు పంచే డబ్బా అది), కంపెనీ పేరు లేదు. మొత్తం మాత్రం సరిగ్గా యాభై తొమ్మిది వేల తొమ్మిది వందలు. రేపు వెళ్లొద్దు, ఆదివారం దాకా ఆగమని చెప్పాను. ఆ మూడు లైన్లలో రాయకుండా వదిలేసిన సంగతుల మీదే ఆ సిస్టమ్ బాగుంటుందా లేదా అన్నది ఆధారపడి ఉంది.

నేను ఏ పార్టు దగ్గరైనా ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను. రెండేళ్ల తర్వాత దీన్నొక్కదాన్నే తీసి వేరేది పెట్టుకోగలనా? ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (గేములు, ఫైళ్లు దాచుకునే డిస్క్) లాంటివి తర్వాత పెంచుకోవచ్చు, కాబట్టి వాటి దగ్గర ఇప్పుడు కొంచెం తగ్గినా నష్టం లేదు. మదర్‌బోర్డ్ అలా కాదు, దాన్ని వేరే తరానికి మార్చాలంటే ప్రాసెసర్, చాలాసార్లు ర్యామ్ కూడా దానితోపాటే మార్చాలి. ఇక ఎస్‌ఎంపీఎస్ చెడిపోతే తనొక్కటే పోతుందన్న గ్యారంటీ లేదు. కింద రాసిందంతా ఈ లెక్కతోనే రాశాను.

గ్రాఫిక్స్ కార్డ్

ముందు మీరు ఆడేదేమిటో చూసుకోండి. వాలొరాంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి మాత్రమే ఆడేవాళ్లకు పెద్ద కార్డ్ అక్కర్లేదు. వాటిలో ఎక్కువ పని ప్రాసెసర్‌దే. సైబర్‌పంక్ లాంటి బరువైన గేములు ఆడాలంటే మాత్రం కార్డే సగం సిస్టమ్. మావాడికి రెండూ కావాలి. అందుకే అరవైలో ఇరవై, ఇరవై రెండు వేలు కార్డుకే పక్కన పెట్టించాను. మూడో వంతు కంటే తక్కువ పెడితే గేమింగ్ పీసీ అనడంలో అర్థం లేదు, సగానికి మించి పెడితే మిగతా పార్టులు నాసిరకం అయిపోతాయి.

ఆ ధరలో అప్పుడు మా ముందున్నవి ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3050, ఏఎండీ కంపెనీ ఆర్‌ఎక్స్ 6600. ఇక్కడే మొదటి ఉచ్చు. 3050 పేరుతో రెండు కార్డులున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీది ఒకటి, 2024లో వచ్చిన 6 జీబీది ఇంకోటి. తేడా మెమరీలోనే అనుకుంటారు చాలామంది, కానీ 6 జీబీదాంట్లో కోర్లు కూడా తక్కువ (2560కి బదులు 2304), మెమరీ దారి కూడా ఇరుకు (128 బిట్లకు బదులు 96). అంటే అది వేరే కార్డు, పేరు మాత్రం ఒకటే. ఫోన్ చేసి అడిగితే షాపువాళ్లు ఇస్తామన్నది 6 జీబీదే.

ఆ కార్డు అసలు పనికిరాదని కాదు. అది 70 వాట్లతో నడుస్తుంది, చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. ఆఫీసుల నుంచి వచ్చిన పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఇంట్లో ఉండి, దానికే ఒక కార్డు తగిలించి ఆడుకోవాలంటే అంతకంటే సుఖమైనది లేదు. కొత్తగా మొత్తం సిస్టమ్ కట్టించుకునేవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు.

8 జీబీ 3050తో పోల్చినా, మామూలు గేముల్లో ఆర్‌ఎక్స్ 6600 ఇరవై శాతానికి పైగా ఎక్కువ ఫ్రేములు ఇస్తుంది. కరెంటు వాడకం రెండింటిదీ దాదాపు ఒకటే, 130 వాట్ల దగ్గర. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌కు రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఉన్న కార్డు తప్పనిసరి, దాని కనీస అర్హతల్లో ఏఎండీ నుంచి రాసిన కార్డు ఈ 6600నే. 3050కీ ఒక బలం ఉంది, డీఎల్‌ఎస్‌ఎస్. గేమ్‌ను తక్కువ రిజల్యూషన్‌లో నడిపి బొమ్మను శుభ్రంగా పెద్దది చేసే ఈ పద్ధతి ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డుల్లోనే ఉంటుంది. ఇలాంటి పనే చేసే ఏఎండీ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఆర్ పాత వెర్షన్లు దాదాపు ఏ కార్డులోనైనా పనిచేస్తాయి కానీ, వాటిలో బొమ్మ అంత స్పష్టంగా రాదు.

మరి మావాడికి ఏది? గేముల వరకే అయితే కళ్లు మూసుకుని 6600 అనేవాణ్ని. కానీ వాడి కోర్సులో మెషిన్ లెర్నింగ్ ఉంది. ఆ పనికి వాడే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం ఎన్విడియా కార్డుల్లోనే ఉండే "CUDA" అనే వ్యవస్థ మీదే నడుస్తుంది. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ చేసేవాళ్లకూ ఎన్విడియాలోనే పని వేగంగా అవుతుంది. ఇంజినీరింగ్ పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. "కాలేజీలో ల్యాబ్ ఉంది, ఆన్‌లైన్‌లో ఉచితంగా జీపీయూలు ఇస్తారు, నాకు గేములే ముఖ్యం" అని వాడే తేల్చాడు. 6600 తీసుకున్నాం. మీ ఇంట్లో పిల్లలు ఎడిటింగో రెండరింగో చేసి నాలుగు రూపాయలు సంపాదించుకుంటామంటే ఎన్విడియా వైపే వెళ్లండి.

ఇప్పుడు కొనేవాళ్లకు ఇంకో మాట. 2025 మధ్యలో ఆర్‌టీఎక్స్ 5050 వచ్చింది, 8 జీబీ, 6600 కంటే వేగం ఎక్కువ. రెండింటికీ తేడా మూడు నాలుగు వేలే అయితే 5050 తీసుకోండి. అంతకు మించితే ఆలోచించండి. బడ్జెట్ ఇంకా పెరిగితే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ మీద నాకు మనసుంది, అంత మెమరీ ఉంటే నాలుగైదేళ్లు టెన్షన్ ఉండదు. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉండటం చూసి చాలామంది ఆశపడుతున్నారు. మంచి కార్డే, కానీ రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి వాడుకోనిచ్చే మదర్‌బోర్డ్ సెట్టింగ్) ఆన్ చేయందే సరిగా పనిచేయదు, పైగా బడ్జెట్ ప్రాసెసర్లతో జత చేస్తే దాని వేగం పడిపోతుంది. మనం కొనేది బడ్జెట్ ప్రాసెసరే కదా.

ప్రాసెసర్, మదర్‌బోర్డ్ కలిపి చూడాలి

విడివిడిగా ధర చూస్తే మోసపోతాం, ఎప్పుడూ రెండూ కలిపిన ధరే చూడాలి. మా లెక్కలో మిగిలినవి ఏఎండీ రైజెన్ 5 5600, ఇంటెల్ ఐ5-12400ఎఫ్. రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఈ స్థాయి కార్డుతో ఆడితే రెండింటి మధ్య తేడా కంటికి కనపడదు. ఇంకొంచెం తగ్గాలంటే 4 కోర్ల ఐ3-12100ఎఫ్ ఉంది. గేమ్ ఒక్కటే నడిపితే బాగానే లాగుతుంది కానీ వెనకాల డిస్కార్డ్, బ్రౌజర్, రికార్డింగ్ పెట్టుకుంటే ఆయాసపడుతుంది.

తేడా బోర్డు దగ్గర వస్తుంది. రైజెన్ 5600 కూర్చునే ఏఎం4 సాకెట్ 2016 నాటిది, దాని ప్రయాణం అయిపోయింది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 మీద 12, 13, 14 తరాల ప్రాసెసర్లు పనిచేస్తాయి కాబట్టి రేపు సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఐ7 దొరికితే అదే బోర్డులో పెట్టుకోవచ్చు. అయితే చవకైన హెచ్610 బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ పెడితే బోర్డు వేడెక్కి దాని వేగాన్ని కట్టేస్తుంది. అందుకని ఆ దారి ఆలోచించేవాళ్లు బీ660 లేదా బీ760 బోర్డు తీసుకోవాలి. ఏఎండీలో కూడా అంతే, ఏ520 బోర్డు కంటే బీ550 మేలు. 6600 లాంటి కార్డులు బోర్డుతో మాట్లాడటానికి 8 లేన్లే (డేటా దారులు) వాడతాయి. ఏ520లో అవి పాత పీసీఐఈ 3.0 (ఆ దారుల వేగాన్ని చెప్పే తరం పేరు) వేగంతో నడుస్తాయి, బీ550లో 4.0తో నడుస్తాయి. కార్డు మెమరీ నిండిపోయినప్పుడు గేమ్ ఆగి ఆగి నడవటంలో ఆ తేడా తెలుస్తుంది.

పేర్లలో ఒక్క అక్షరం ఎంత తేడా తెస్తుందో ఇక్కడ చూడండి. 5600లో 32 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ) ఉంటుంది. 5600జీలో, 5500లో 16 ఎంబీయే, పైగా ఆ రెండూ పీసీఐఈ 3.0తో ఆగిపోతాయి. "5600 లేదు సార్, 5600జీ ఉంది, అదే ఇంకా పెద్దది" అని చెప్పే కౌంటర్లు ఉన్నాయి. 5600జీకి ఉన్న గొప్ప సుగుణం దానిలోనే గ్రాఫిక్స్ ఉండటం. చేతిలో ముప్పై వేలే ఉండి, కార్డు వచ్చే ఏడాది కొనుక్కుందామనుకునేవాళ్లకు అది నిజంగా మంచి దారి. వాలొరాంట్ ఆ గ్రాఫిక్స్‌తోనే హాయిగా ఆడొచ్చు. కార్డు ఇప్పుడే కొంటున్నవాళ్లకు 5600 సరైనది, మావాడికీ అదే తీసుకున్నాం.

ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 మాటేమిటని అడుగుతారు. రైజెన్ 5 7500ఎఫ్ ఆ సాకెట్‌లో చవకైన మంచి ప్రాసెసర్, 2027 దాకా, ఆ తర్వాత కూడా ఈ సాకెట్‌కు మద్దతు ఇస్తామని ఏఎండీ చెప్పింది. రేపటి సంగతి చూస్తే అదే ఉత్తమం. చిక్కల్లా ర్యామ్‌తోనే. అది కొత్త తరం ర్యామ్ అయిన డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది, 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. డీడీఆర్4 కూడా పెరిగింది. కాబట్టి ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఏదైనా ఉంటే మూత తీసి చూడండి. అందులో డీడీఆర్4 స్టిక్కులుంటే అవి ఇప్పుడు సొమ్ములాంటివి, వాటిని వాడుకునే ఏఎం4 గానీ డీడీఆర్4 తీసుకునే ఇంటెల్ బోర్డు గానీ ఎంచుకుంటే ఆ మిగులు కార్డులో పెట్టొచ్చు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అది డెస్క్‌టాప్‌కు సరిపోదు.

ర్యామ్ 16 జీబీ అయితే 8 జీబీవి రెండు స్టిక్కులుగా తీసుకోండి. రెండు దారుల్లో డేటా వెళ్తుంది, ముఖ్యంగా 5600జీ లాంటివాటిలో గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా చాలా ఉంటుంది. ధర మండిపోతున్న ఈ రోజుల్లో 16 జీబీది ఒకే స్టిక్ కొని, తర్వాత అలాంటిదే ఇంకోటి పెట్టుకుందామనుకుంటే కార్డు విడిగా ఉన్న సిస్టమ్‌లో అది ఒప్పుకోదగ్గ రాజీయే.

ఎస్‌ఎంపీఎస్

దీని గురించి నేను పట్టుబట్టి మాట్లాడతాను, కారణం ఉంది. నా మొదటి సిస్టమ్‌లో కేబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ ఉండేది. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. టప్ మని శబ్దం, కాలిన వాసన. మర్నాడు షాపుకు తీసుకెళ్తే మదర్‌బోర్డ్ పోయింది, హార్డ్ డిస్క్ కూడా పోయింది. అందులో మా అక్క పెళ్లి ఫొటోలున్నాయి. అవి మళ్లీ రాలేదు.

ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన స్టికర్ చదవడం నేర్చుకోండి, రెండు నిమిషాల పని. అందులో 12 వోల్టుల గడి ఒకటి ఉంటుంది, దాని కింద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ తాగేది ఆ 12 వోల్టుల నుంచే. 12ను ఆ ఆంపియర్లతో గుణించండి. మావాడి కొటేషన్‌లో ఉన్న పేరులేని 450 వాట్ల డబ్బాను ఆదివారం షాపులో తీయించి చూశాం. 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు. అంటే 192 వాట్లు. డబ్బా మీద 450 అని పెద్ద అక్షరాలు. మంచి కంపెనీ 450 వాట్లదాని మీద అదే గడిలో 36, 37 ఆంపియర్లు ఉంటాయి, గుణిస్తే 430 దాటుతుంది.

ఇప్పుడు అవసరం ఎంతో చూద్దాం. 5600 ఎంత ఒత్తిడిలోనైనా 76 వాట్ల దగ్గర ఆగుతుంది. 6600కు 132. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపి యాభై అనుకున్నా మొత్తం 260 దగ్గర. నిజమైన 450 వాట్లు దీనికి చాలు. నేను 550 తీసుకోమంటాను, రేపు ఇంకొంచెం పెద్ద కార్డు పెట్టినా ఎస్‌ఎంపీఎస్ మార్చక్కర్లేదు. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉండటం మంచిదే, కానీ అది చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా పార్టులకు అందుతుందన్నదే. లోపలి కెపాసిటర్లు ఎలాంటివో, షార్ట్ అయితే ఆగిపోతుందో లేదో అది చెప్పదు. దానికి పేరున్న కంపెనీ, కనీసం మూడేళ్లు, వీలైతే ఐదేళ్ల వారంటీ చూసుకోవాలి. ఇక్కడ మిగిల్చే వెయ్యి రూపాయలు నాకు మిగులుగా కనిపించదు.

ఇంట్లో ఎర్తింగ్ కూడా చూసుకోండి. సిస్టమ్ ఆన్‌లో ఉన్నప్పుడు కేబినెట్‌ను వేలితో తాకితే జివ్వుమంటే, ఆ సాకెట్‌కు ఎర్త్ అందట్లేదని అర్థం. పాత ఇళ్లలో ఇది మామూలే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించాకే వాడండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల దాకా మోస్తుంది, ఈ సిస్టమ్‌కూ మానిటర్‌కూ కలిపి గేమ్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునేంత సమయం ఇస్తుంది.

మిగతావి

ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డు మీదే బిగించే వేగమైన రకం) తీసుకోండి. పాత సాటా రకం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, మామూలు ఎన్‌వీఎంఈ కూడా 3500 దాకా వెళ్తుంది. 7000 వేగం ఉన్నవాటికి ఎక్కువ డబ్బు పెట్టకండి, గేమ్ తెరుచుకోవడంలో ఆ తేడా తెలియదు. వేగం కంటే జాగా ముఖ్యం. ఒక్కో పెద్ద గేమ్ వంద జీబీ దాటుతోంది కాబట్టి 500 జీబీ నాలుగు గేములకే నిండుతుంది. అయినా బడ్జెట్ బిగుతుగా ఉంటే ఇక్కడ తగ్గొచ్చు, రెండో స్లాటున్న బోర్డయితే తర్వాత ఇంకోటి తగిలించుకోవచ్చు.

కేబినెట్ ముందుభాగం జాలీగా ఉండాలి. మెరిసే గాజు పలక ముందున్నవి చూడటానికి బాగుంటాయి, గాలి మాత్రం పోదు. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం గది ఎలా ఉంటుందో మనకు తెలుసు. ముందు రెండు, వెనక ఒక ఫ్యాన్ ఉంటే చాలు.

మానిటర్ 24 అంగుళాల ఐపీఎస్, 1080పీ, 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మారేది) లేదా ఆపైన. వాలొరాంట్ ఆడేవాళ్లకు 60 హెర్ట్జ్ నుంచి 144కు మారడం ఏ కార్డు మార్పు కంటే ఎక్కువగా తెలుస్తుంది. ఇప్పుడు డబ్బు లేకపోతే ఇంట్లో టీవీకి కలిపి ఆడండి, నాసిరకం మానిటర్ కొనకండి.

సెకండ్‌హ్యాండ్ కార్డు

2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక మార్కెట్లోకి కుప్పలుగా కార్డులు వచ్చాయి. మైనింగ్ చేసిన కార్డు చెడిపోయినట్టే అని నేననను, కానీ ఇంటికి వెళ్లి చూడకుండా కొనొద్దు. జీపీయూ-జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఆర్‌ఎక్స్ 580 అని అమ్మేవాటిలో చాలావాటికి 2304 షేడర్ల (కార్డు లోపలి కోర్లు) బదులు 2048 ఉంటాయి, అది చైనా మార్కెట్ కోసం వచ్చిన తగ్గించిన కార్డు. ఆ సంఖ్య ఈ సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. తర్వాత ఇరవై నిమిషాలు ఒక బరువైన గేమ్ నడిపించమనండి. తెర మీద రంగుల చుక్కలు వచ్చినా, ఫ్యాన్ గరగరలాడినా వదిలేయండి. 580 అయినా, జీటీఎక్స్ 1660 అయినా రే ట్రేసింగ్ లేనివే, ఇండియానా జోన్స్ లాంటి గేములు వాటిలో మొదలే కావు. నేనైతే మొదటిసారి కట్టేవాళ్లకు సెకండ్‌హ్యాండ్‌లో ప్రాసెసర్ కొనమంటాను, కార్డు మాత్రం కొత్తదే తీసుకోమంటాను. ప్రాసెసర్ సాధారణంగా చెడిపోదు, పిన్నులు వంగలేదని చూసుకుంటే చాలు.

కౌంటర్ దగ్గర, ఇంటి దగ్గర

కొటేషన్‌లో ప్రతి పార్టుకూ పూర్తి మోడల్ పేరు రాయించండి. బిల్లు జీఎస్టీతో, సీరియల్ నంబర్లతో ఉండాలి. బిల్లు లేకపోతే పద్దెనిమిది శాతం తగ్గుతుందంటారు, రేపు కార్డు పోతే వారంటీ కోసం తిరగాల్సింది మీరు. కొత్త ప్రాసెసర్ అయితే సీల్ వేసిన డబ్బాలో వచ్చిందే తీసుకోండి, దానికి కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. డబ్బా లేని ట్రే ప్రాసెసర్‌కు షాపు మాటే వారంటీ.

మావాడు ఇంట్లోనే బిగించుకున్నాడు. రాత్రి పదకొండుకు వీడియో కాల్. "అన్నా, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది." గొంతులో ఏడుపొక్కటే తక్కువ. వెనక్కి తిప్పి చూపించమన్నాను. హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డ్‌కు పెట్టి ఉంది. 5600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి అక్కడ బొమ్మ రాదు. కేబుల్ తీసి కింద కార్డుకు పెట్టగానే తెర వెలిగింది, వెనక నుంచి బాబాయ్ "వచ్చిందా" అని కేకేశాడు.

ఆ రాత్రే ఇంకో రెండు చేయించాను. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం 2666 అని చూపిస్తోంది, కొన్నది 3200. బయోస్ (మదర్‌బోర్డ్ సెట్టింగుల తెర)లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే సరైంది. స్టిక్కులు కూడా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలోకి మార్చాడు. విండోస్ 11లో వాలొరాంట్ తెరుచుకోవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులు ఆన్‌లో ఉండాలి, అవి కూడా అదే బయోస్‌లో ఉంటాయి.

మొదటి వారం రోజులు సిస్టమ్‌ను ఊరికే ఉంచకండి. బరువైన గేమ్ రోజూ గంటసేపు ఆడండి, ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి. లోపమున్న పార్టు చాలాసార్లు ఆ వారంలోనే బయటపడుతుంది, అప్పుడైతే షాపులోనే మార్చి ఇచ్చే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత సర్వీస్ సెంటర్ దారే. డబ్బాలన్నీ అటక మీద పెట్టండి, ముఖ్యంగా కార్డు డబ్బా.